మేనకోడలికి ఉత్తరం: ఉప్పునీటి ట్యాంకులోకి నెమ్మదస్తు చేపలు

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడడుగుల ట్యాంకు, రాళ్ళు పోను 150 లీటర్ల నీళ్ళు, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగాయి. ఖాళీ ట్యాంకు ముందు 5 వారాలు ఓపిక పట్టి కూర్చున్నావు చూడు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. చాలామంది అక్కడే తప్పిపోతారు.

ఇప్పుడు "పోట్లాడుకోని చేపల పేర్లు ఓ పది రాసి పంపు మామయ్యా" అన్నావు. పేర్లు చెబుతాను గానీ, ఉత్త పేర్లతో నీకు పని జరగదు. ఇది సాధువు, అది కోపిష్టి అని చార్టుల్లో రాసినదాన్ని సగమే నమ్ము. పగడపు దిబ్బ మీద ఒక చేప మరోదాన్ని తరిమితే అది నాలుగు బారలు అవతలికి పోయి బతికిపోతుంది. తరిమినదీ అక్కడితో వదిలేస్తుంది. గాజు గోడల మధ్య ఆ అవతల అనేది లేదు. పారిపోయిన చేప గిర్రున తిరిగి మళ్ళీ దాని ఎదుటికే వస్తుంది. తరిమేదానికేమో ఇది ఎంతకీ పోవడం లేదే అనిపిస్తుంది. సముద్రంలో ఒక్క క్షణంలో తేలిపోయే తగాదా ట్యాంకులో రోజుల తరబడి సాగి ప్రాణం తీస్తుంది. అందుకని ఏ చేపను చూసినా ముందు ఇవి అడుగు: రాత్రి ఎక్కడ దూరి పడుకుంటుంది? నీళ్ళలో పైన తిరుగుతుందా, అడుగునా? ఏం తింటుంది? పెద్దదయ్యాక దాని నోరు ఎంత? ఒకే సందు, ఒకే తిండి, ఒకే ఎత్తు కావలసిన రెండు చేపలు ఎంత నెమ్మదైనవైనా ఏదో ఒకనాడు ఢీకొంటాయి.

నేను ఇది నేర్చుకున్నది ఒక ఫైర్‌ఫిష్, ఎర్రతోక ఉన్న చిన్న పిరికి చేప, ప్రాణం పోయాక. నా మొదటి ట్యాంకులో నీళ్ళు కుదురుకోవాలంటే ముందు గట్టి చేపల్ని వదలాలని అమ్మినతను చెబితే, మూడు నీలం డామ్‌సెల్ చేపలు తెచ్చి వేశాను. అవి కొట్టుకుని రెండు నెలల్లో మూడింటిలో ఒకటే మిగిలింది. ఆ మిగిలిన ఒక్కటి, పొట్టిగా వేలెడంత ఉండేది, ట్యాంకంతా తనదే అనుకుంది. అప్పుడు రెండు ఫైర్‌ఫిష్‌లు తెచ్చాను. మూడో రోజు పొద్దున ఒకటి ట్యాంకు వెనక నేల మీద ఎండిపోయి కనిపించింది. మూత పెట్టకపోవడం నా తప్పే. కానీ అది ఊరికే ఎగరలేదు, తరిమితే ఎగిరింది. రెండోది రాళ్ళ వెనక నుంచి బయటికి రావడమే మానేసింది. ఆ డామ్‌సెల్‌ను పట్టడానికి రాళ్ళన్నీ తీయాల్సి వచ్చింది, సగం రోజు పట్టింది. ఈ రోజుకీ ఆ చిన్న ఎర్రతోకను తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. ఫైర్‌ఫిష్‌ను పెట్టినా పెట్టకపోయినా, సన్నని వల బిగించిన మూత లేకుండా మాత్రం ఒక్క చేపను కూడా వదలకు.

నీకు నచ్చాయన్న వాటిలో కొన్ని కొట్టేయాలి. నీలం డామ్‌సెల్ సంగతి చెప్పాను కదా. పసుపు టాంగ్ అందమైనదే, కానీ అది దాదాపు 20 సెంటీమీటర్లు పెరుగుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈదుతూనే ఉంటుంది. తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది, కోపమొస్తే దానితోనే కోస్తుంది. నాలుగడుగులకు తక్కువ ట్యాంకులో దాన్ని ఉంచడం నాకు ఇష్టం లేదు. లయన్ ఫిష్ ఎవరి జోలికీ పోదని ఎవరో చెప్పారన్నావు. నిజమే, తరమదు, కొరకదు. నోట్లో పట్టేదాన్ని మాత్రం ఒక్క గుటకలో మింగేస్తుంది, పైగా దాని వీపు ముళ్ళలో విషం. ఆరు గీతల రాస్ మాత్రం అచ్చమైన మేకవన్నె పులి. తెచ్చిన కొత్తలో ఎంతో ముద్దుగా తిరుగుతుంది. కాస్త పెరిగి ట్యాంకు అలవాటయ్యాక, తరవాత వచ్చే ప్రతి చిన్న చేపనూ వేధిస్తుంది.

మాండరిన్ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి మనసు పారేసుకున్నావని నీ రాతలోనే తెలుస్తోంది. దానంత సాధుజీవి ఇంకొకటి ఉండదు. కానీ అది పగలంతా రాళ్ళ మీద పాకే కోపిపాడ్లనే చిట్టి పురుగుల్లాంటి జీవులను ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. ఐదు వారాల ట్యాంకులో అవి నాలుగు రోజులకు కూడా చాలవు. ఎవరూ కొట్టకుండానే, తిండి పోటీలో ఓడి, పొట్ట లోపలికి పీక్కుపోయి చనిపోతుంది. కనీసం ఏడాది గడవనీ, రాళ్ళ మీద ఆ పురుగులు కుప్పలుగా కనపడనీ, అప్పుడు మాట్లాడుకుందాం. సముద్రపు గుర్రాలదీ ఇదే కథ. చురుకైన చేపల మధ్య వాటికి ముద్ద దక్కదు.

ఇక నీ ట్యాంకుకు నేను ఎంచేవి.

ముందుగా పసుపు వాచ్‌మన్ గోబీ, దానికి తోడు ఒక పిస్టల్ రొయ్య. వీటి గురించి రాయడం మొదలుపెడితే నాకు చెయ్యి ఆగదు. రొయ్యకు కళ్ళు సరిగా ఆనవు. ఇసుకలో బొరియ తవ్వడం, గులకరాళ్ళు మోసుకొచ్చి అంచులు కట్టడం దాని పని. గోబీకి తవ్వడం రాదు, చూపు మాత్రం పదును. కాబట్టి బొరియ వాకిట్లో గోబీ కాపలా కూర్చుంటుంది, రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ఏదైనా దగ్గరికి వస్తే గోబీ తోక విదిలిస్తుంది, రొయ్య చటుక్కున లోపలికి పోతుంది. గంటలకు గంటలు చూసినా విసుగు రాదు. ఒక జాగ్రత్త: రాళ్ళను ఇసుక మీద కాకుండా ట్యాంకు అడుగు గాజు మీదే కుదురుగా నిలిపి, తరవాత చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే రొయ్య కింద తవ్వేసరికి రాయి ఒరిగి అవి దాని కిందే నలిగిపోతాయి. ఇసుక రెండంగుళాలైనా ఉండాలి, అందులో కొంత గరుకు ముక్కలు కలపాలి. అన్నీ సన్నవైతే బొరియ నిలబడదు.

ఫైర్‌ఫిష్ ఒక్కటి చాలు. జంట అని తెలిస్తే తప్ప రెండు తేవద్దు, ఆ మెత్తని చేపలు కూడా తమలో తాము కొట్టుకుంటాయి. దానికి ఎప్పుడైనా దూరగల సన్నని సందు ఒకటి రాళ్ళ అడుగున ఉండాలి. ఆ సందు మీదే గాలిపటంలా నిలబడి, నీళ్ళలో కొట్టుకొచ్చే తిండిని అందుకుంటుంది.

బంగై కార్డినల్ ఒక జంట. ఇవి ఇండోనేషియాలోని బంగై దీవుల దగ్గర పుట్టిన చేపలు. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడంతో 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకు ఎక్కాయి. అందుకే ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే అడుగు, దొరుకుతాయి. అవి కొన్న తిండికి అలవాటుపడి ఉంటాయి, నీకూ తేలిక. మగది గుడ్లను, ఆ తరవాత పిల్లల్ని నోట్లోనే పెట్టుకుని దాదాపు నెల రోజులు ఏమీ తినకుండా ఉంటుంది. ఒకటి హఠాత్తుగా తిండి మానేసి దవడ ఉబ్బి కనబడితే జబ్బనుకుని కంగారుపడకు. నాలుగైదు కలిపి తెస్తే మాత్రం, జంట కుదిరాక మిగతావాటిని అవి బతకనివ్వవు.

రాయల్ గ్రామా ఒకటి. సగం ఊదా, సగం పసుపు. గుహ పైకప్పుకు పొట్ట ఆనించి తలకిందులుగా ఈదుతుంది, అదీ దాని సహజమే. తన గుహ ముందుకు ఎవరైనా వస్తే నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది, చాలావరకు అక్కడితో సరి. ఫైర్‌ఫిష్ సందుకు అవతలి చివర దీనికి గుహ కట్టు. కొనేటప్పుడు జాగ్రత్త, ఇదే రంగుల్లో డాటీబ్యాక్ అనే మహా కోపిష్టి చేప ఒకటుంది. గ్రామా వీపు రెక్క మీద నల్లని చుక్క ఉంటుంది, రంగులు కలిసేచోట పసుపు చుక్కలుగా జల్లినట్టుంటుంది. డాటీబ్యాక్‌కు గీత గీసినట్టు రంగు ఒక్కసారి మారిపోతుంది.

చివరగా నీకిష్టమైన క్లౌన్ ఫిష్, ఓసెల్లారిస్ రకం. మెరూన్, టమాటా రకాలు వద్దు, అవి దుడుకువి. ఈ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అందుకని రెండు చిన్నవాటిని, ఒకటి కాస్త పెద్దది ఒకటి చిన్నది చూసి తే. చిన్నది పెద్దదాని ముందు పక్కకి వాలి ఒళ్ళంతా వణికిస్తుంది. అది జబ్బు కాదు, నీకు లోబడ్డాను అని చెప్పడం. అలా కుదిరాక మూడోదాన్ని ఎన్నడూ కలపకు. సముద్రంలో అవి ఆశ్రయం పొందే పువ్వులాంటి జీవి, సీ అనిమోన్, లేకపోయినా అవి హాయిగా ఉంటాయి.

ఆకుపచ్చ క్రోమిస్ చేపల గుంపు గురించి కూడా అడిగావు. చార్టులన్నీ దాన్ని శాంతమనే చెబుతాయి. నేను ఐదు వేసి చూశాను, ఏడాదిలో ఒకటి మిగిలింది. బలహీనమైనదాన్ని మిగతావి వరసగా తరుముతాయి. వదిలెయ్.

ఏడు చేపలు, ఒక రొయ్య. నీ నీళ్ళకు ఇంతకు మించి వద్దు. వరస కూడా నేను చెప్పినట్టే: పిరికివి ముందు, ధైర్యమున్నవి వెనక. గోబీ, రొయ్య, ఫైర్‌ఫిష్ తమ బొరియలు తాము చూసుకుని కుదురుకున్నాక, రెండు మూడు వారాలకు కార్డినల్స్, మళ్ళీ అంత విరామం ఇచ్చి గ్రామా, అన్నిటికంటే చివర క్లౌన్ ఫిష్. ఆ విరామం బ్యాక్టీరియాకు కూడా కావాలి, పెరిగిన చెత్తను అరిగించుకోవడానికి.

కొనేటప్పుడు అక్కడే తిండి వేసి చూపించమని అడుగు. తినని చేప ఎంత అందంగా ఉన్నా వదిలిపెట్టు. తల వెనక కండ లోపలికి పోయి ఉందా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయా, ఒంటి మీద ఉప్పు రవ్వల్లా చుక్కలున్నాయా చూడు. వీలైతే వారం ఆగి అదే చేపను మళ్ళీ చూడు.

తెచ్చాక నేరుగా ట్యాంకులో వెయ్యకు. వేరే చిన్న తొట్టె, స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి నాలుగు పైపు ముక్కలు పెట్టి నాలుగు వారాలు ఉంచు. తెల్లచుక్క రోగం ఒక్కసారి పెద్ద ట్యాంకులోకి వస్తే, రాగి మందు వేయడానికి రొయ్య అడ్డం, మందు పడితే అది బతకదు. చేపలన్నీ తీసి ట్యాంకును రెండున్నర నెలలు ఖాళీగా ఉంచడమే మార్గం అవుతుంది. నేను అది ఒకసారి చేశాను, నీకు ఆ అవస్థ వద్దు.

కొత్త చేపను వదిలేరోజు లైటు ఆర్పెయ్, పాతవాటికి ముందుగా కడుపునిండా పెట్టు. ఒకటి రెండు రోజులు తరుముకోవడం మామూలే. రెక్కలు చిరిగినా, పై మూలలో నక్కి ఉన్నా, తిండికి రాకపోయినా మాత్రం ఆగకు. చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టెలో తరిమేదాన్ని, దెబ్బ తిన్నదాన్ని కాదు, వారం పాటు పెట్టు. ఈలోగా రాళ్ళు కొంచెం అటూ ఇటూ జరిపితే, అది తిరిగి వచ్చేసరికి తనదనుకున్న చోటే దానికి కొత్తదవుతుంది.

ఫైర్‌ఫిష్ మొదటి మూడు నాలుగు రోజులు కనిపించకపోవచ్చు. రాళ్ళు ఎత్తి వెతకవద్దు తల్లీ. లైటు ఆరే ముందు దాని సందు దగ్గర తిండికి నాలుగు మిసిస్ అనే చిట్టి రొయ్యలు వదిలి, దూరంగా కూర్చో. ముందు తల వెనక, వీపు మీది ఆ పొడవాటి ముల్లు బయటికి వస్తుంది. వచ్చిన రోజు నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య