వోల్టేజీ తగ్గించినప్పుడే 2ఎన్3055 ఎందుకు కాలిపోతోంది?

18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుతో మీరు చేసుకున్న వేరియబుల్ పవర్ సప్లై 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు నిక్షేపంగా ఇస్తున్నా, 5 వోల్టులకు దించగానే 2ఎన్3055 కాలిపోతోందనీ, 15 ఆంపియర్ల ట్రాన్సిస్టరే చాలకపోతే ఇంకెంత పెద్దది వెయ్యాలనీ అడిగారు. ఇదే పొరపాటుతో నేను మూడు ట్రాన్సిస్టర్లు పోగొట్టుకున్నాను. మూడోది పోయాక గాని తయారీదారు ఇచ్చే డేటాషీటును మొదటి పేజీ దాటి చదవలేదు.

మీ సర్క్యూట్లో ఆ 15 ఆంపియర్ల అంకెతో పెద్దగా పనిలేదు. ఆ 18 వోల్టులు, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జినీ, దాన్ని నిలకడ చేసే కెపాసిటరునూ దాటేసరికి, లోడు ఉన్నప్పుడు కూడా, సుమారు 23 వోల్టుల డీసీ అవుతాయి. అందులో మీరు బయటికి తీసుకోని వోల్టేజీ అంతా ట్రాన్సిస్టరు మీదే పడి వేడిగా మారుతుంది. 12 వోల్టుల దగ్గర మిగిలిన 11ను 3 ఆంపియర్లతో హెచ్చిస్తే 33 వాట్లు. 5 వోల్టుల దగ్గర 54 వాట్లు. 115 వాట్ల ట్రాన్సిస్టరుకు 54 ఒక లెక్కా అనిపిస్తుంది, కానీ ఆ 115 దాని కేసును 25 డిగ్రీల దగ్గర నిలపగలిగితేనే వర్తిస్తుంది. మన మే నెలలో గదిలో గాలే 40 డిగ్రీలుంటుంది.

ఒక్కో వాటుకు జంక్షన్ (లోపలి సిలికాన్ ముక్క) నుంచి కేసు (పైనున్న లోహపు తొడుగు) దాకా 1.5 డిగ్రీలు, పేస్టు పూసిన మైకా రేకు దగ్గర అర డిగ్రీ, ఓ మోస్తరు హీట్‌సింకు దగ్గర మరో 1.5, వెరసి 3.5 డిగ్రీలు పెరుగుతాయనుకుందాం. 54 వాట్లకు 189 డిగ్రీలు, గది వేడి కలిపితే 229. జంక్షన్ హద్దు 200. అదే 12 వోల్టుల దగ్గర 155 డిగ్రీలే కనుక బతికింది.

అందువల్ల పెద్ద ట్రాన్సిస్టరు కోసం వెతకకుండా, రెండు 2ఎన్3055లను వేర్వేరు హీట్‌సింకుల మీద సమాంతరంగా కలపండి. ఒక్కొక్కటి 27 వాట్లే మోస్తూ 135 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఒక్కొక్క ఎమిటరుకూ 0.22 ఓముల, 5 వాట్ల రెసిస్టరు తప్పనిసరి. వేడెక్కిన ట్రాన్సిస్టరుకు బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది కాబట్టి, రెసిస్టర్లు లేకపోతే వేడిగా ఉన్నదే ఇంకా ఎక్కువ కరెంటు లాక్కుని ముందు పోతుంది, ఆ వెనుకే రెండోదీ పోతుంది.

బేస్ కరెంటునూ చూసుకోండి. 4 ఆంపియర్ల దగ్గర దీని గెయిన్ (బేస్ కరెంటుకు ఎన్ని రెట్లు కరెంటు నడుపుతుందో ఆ అంకె) 20 మాత్రమే ఉండవచ్చు, అంటే 3 ఆంపియర్లకు 150 మిల్లీఆంపియర్ల దాకా కావాలి. ఆ బేస్ కరెంటు ఇవ్వడానికి మధ్యలో చిన్న హీట్‌సింకుతో ఒక బీడీ139 ట్రాన్సిస్టరు పెడితే సరిపోతుంది.

ఎక్కువగా 5 వోల్టులే వాడేవారైతే 9 వోల్టుల ట్యాపు (వైండింగ్ మధ్యలోంచి తీసిన తీగ) ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఇంకా నయం. నా బల్ల మీది సప్లైకి ట్యాపు మార్చే టాగుల్ స్విచ్చి ఉంది. 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు లాగినా అందులో వృథా అయ్యేది 17 వాట్లకు మించదు.