సమాధానం: 221(జి) కాగితం, ఆన్‌లైన్‌లో ‘రెఫ్యూజ్డ్’

తమ్ముడూ, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ బాగానే జరిగినా 221(జి) కాగితం (వీసా ఇప్పుడే ఇవ్వకుండా మరింత పరిశీలనకు ఆపామని చెప్పేది) చేతిలో పెట్టారనీ, ఆన్‌లైన్‌లో ‘రెఫ్యూజ్డ్’ అని చూపిస్తోందనీ రాశావు. టెన్షన్ వద్దు. పరిశీలన నడుస్తున్నంత కాలం అక్కడ ఆ మాటే కనిపిస్తుంది. రోబోటిక్స్ పీహెచ్‌డీ అన్నావు కదా, సున్నితమైన టెక్నాలజీ చదివేవాళ్లకు ఈ భద్రతా తనిఖీ కొత్తేమీ కాదు.

మెయిల్‌లో వచ్చిన డీఎస్-5535 (అదనపు వివరాలు అడిగే ఫారం) మాత్రం తాపీగా నింపు. 15 ఏళ్ల ప్రయాణాలు, చిరునామాలు, ఉద్యోగాలు, 5 ఏళ్ల సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. పాత పాస్‌పోర్టులు ముందేసుకుని కూర్చో. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో రాసినదానికీ దీనికీ తేడా రాకూడదు. అడిగినవి ఏడాదిలోపు ఇవ్వకపోతే మళ్లీ ఫీజు కట్టి మొదటికి రావాలి. ‘లోపల మనవాళ్లున్నారు’ అని ఎవరైనా అంటే రూపాయి కూడా ఇవ్వకు! చేరాల్సిన తేదీ దగ్గరపడితే యూనివర్సిటీకి రాసి, వాళ్లు వీసా కోసం ఇచ్చిన ఐ-20 పత్రంలో తేదీ మార్చమని అడుగు.