హాస్పీస్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ముందు మార్ఫిన్ గురించి అడగండి

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. దవడ క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అయిన ఏడాదికే మళ్లీ వచ్చింది. ఇక కీమో ఇచ్చినా ఉపయోగం ఉండదు, పాలియేటివ్ కేర్ (జబ్బును నయం చేయడానికి కాక, బాధ తగ్గించడానికి ఇచ్చే వైద్యం) చూసుకోండి అని డాక్టర్లు చెప్పారు. ముక్కుగొట్టం ద్వారా ద్రవాహారం ఇస్తున్నాం. బుగ్గ మీద పుండు పడింది. నొప్పితో రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మాటలు కూడా సరిగా రావడం లేదు. మేం మూడు చోట్ల కనుక్కున్నాం. ఒకచోట ఏసీ గది, రోజువారీ ప్యాకేజీ. ఇంకోటి ట్రస్టు వాళ్లు ఉచితంగా నడిపే హాస్పీస్. మూడోవాళ్లు ఇంటికే నర్సును పంపుతామంటున్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య డబ్బు గురించి ఆలోచించకు, పెద్దది చూడు అంటున్నాడు. మా మేనత్తలేమో హాస్పీస్‌లో చేరిస్తే చావుకు వదిలేసినట్టే అంటున్నారు. వీటిలో ఏది మంచిదో తెలుసుకోవడం ఎలా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ముందు మీ మేనత్తల మాట గురించి చెబుతాను. ఎందుకంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నట్టుంది. క్యాన్సర్‌కు మందు లేని దశ వస్తుంది గానీ, నొప్పికి మందు లేని దశ అంటూ ఉండదు. ఆయాసం, పుండు వాసన, మలబద్ధకం, భయం, నిద్రలేమి, అన్నిటికీ చేయగలిగింది ఉంది. అది చేసే చోటే హాస్పీస్. నిజానికి, నొప్పితో ఉన్న మనిషిని ఏ మందూ లేకుండా ఇంట్లో పడుకోబెట్టడమే వదిలేయడం. మీరు మంచి చోటు కోసం వెతుకుతున్నారు. తప్పు చేస్తున్నానేమో అనుకోకండమ్మా.

ఇక మీ ప్రశ్న. మూడు చోట్లా ముందుగా ఒకే ఒక్క మాట అడగండి: 'మీ దగ్గర మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా? ఈ రోజు స్టాక్ ఉందా?'

మార్ఫిన్ అంటే తీవ్రమైన నొప్పిని తగ్గించే బలమైన మందు. మామూలు మెడికల్ షాపులో దొరికేది కాదు. మత్తుమందుల్ని నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద దానికి గట్టి ఆంక్షలు ఉండేవి. ఆ భయంతో చాలా ఆసుపత్రులు దాన్ని తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించాక పద్ధతి సులువైంది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగం గుర్తింపు ఇస్తే చాలు, ఆ సంస్థ మార్ఫిన్ నిల్వ చేసుకుని రోగులకు ఇవ్వవచ్చు. కాబట్టి అంత్యదశ సంరక్షణ చేస్తామని బోర్డు పెట్టుకుని, ఆ గుర్తింపు మాత్రం తీసుకోలేదంటే, అసలు పనికి కావాల్సిన మొదటి సామానే వాళ్ల దగ్గర లేదని అర్థం. 'మార్ఫిన్ అవసరం రాదండీ, ట్రమడాల్‌తో నడిపిస్తాం' అన్నా ఆలోచించాల్సిందే. ట్రమడాల్ మార్ఫిన్ కంటే తక్కువ బలమున్న నొప్పి మందు. దానికి రోజుకు 400 మిల్లీగ్రాముల హద్దు ఉంది, అంతకు మించి పెంచకూడదు. మార్ఫిన్‌కు అలాంటి గట్టి హద్దు లేదు. నొప్పిని బట్టి, దుష్ఫలితాలు చూసుకుంటూ, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. కొందరు ఫెంటనిల్ ప్యాచ్, అంటే చర్మం మీద అంటించే నొప్పి మందు, చూపిస్తారు. మంచి మందే, ముఖ్యంగా మింగలేని వాళ్లకు. కానీ అంటించాక పూర్తిగా పని చేయడానికి 12 గంటలకు పైనే పడుతుంది. నడిమధ్య నొప్పి పొడుచుకొస్తే ఏమిస్తారో దానికి వాళ్ల దగ్గర జవాబు ఉండాలి.

రెండో మాట ఇంకా తేలిక. 'మార్ఫిన్ మొదలుపెడితే దాంతోపాటు ఇంకేమిస్తారు?' అని అడగండి. ఈ పని తెలిసినవాళ్లెవరైనా తడుముకోకుండా 'విరేచనం సాఫీగా అయ్యే మందు' అంటారు. మార్ఫిన్ వాడేవాళ్లలో దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది. మొదట్లో ఉండే వికారం, మగత కొన్ని రోజుల్లో తగ్గుతాయి గానీ ఇది తగ్గదు. అందుకే మొదటి రోజు నుంచే ఆ మందూ రాయాలి. ఈ సంగతి తెలియనివాళ్లు ఎంత పెద్ద భవనంలో కూర్చున్నా నేను నమ్మను.

మీ నాన్నగారికి ముక్కుగొట్టం ఉంది కాబట్టి ఇంకోటి కూడా అడగాలి. మామూలు మార్ఫిన్ మాత్రను పొడి చేసి, నీళ్లలో కలిపి గొట్టం ద్వారా ఇవ్వవచ్చు. దాని ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది కాబట్టి రోజంతా వేళ తప్పకుండా పడాలి. పన్నెండు గంటలు పని చేసే రకం మాత్రను మాత్రం నలగ్గొట్టకూడదు. నలగ్గొడితే మందంతా ఒక్కసారే దిగుతుంది, అది ప్రమాదం. ఈ తేడా మీరు అడగకముందే నర్సు చెప్పిందంటే ఆ టీమ్‌కు శిక్షణ ఉన్నట్టే.

'మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతారట, ప్రాణం తొందరగా పోతుందట' అని బంధువులు అంటారు. నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టర్ చెప్పినట్టు వాడితే అలా జరగదు. నా దగ్గరికి వచ్చే చాలామంది, నొప్పి తగ్గాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోతారు. ఇంట్లోవాళ్లు ఆ నిద్రను చూసి భయపడతారు. ఆ భయం గురించి మందు రాసేటప్పుడే చెప్పే డాక్టర్ మీకు కావాలి.

మందు సంగతి తేలాక రాత్రి సంగతి చూడండి. నొప్పి, ఆయాసం, కంగారు రాత్రిళ్లే పెరుగుతాయి. 24 గంటలూ అందుబాటులో ఉంటామని అందరూ కరపత్రంలో వేసుకుంటారు. అది నిజమో కాదో తెలుసుకోవాలంటే రాత్రి పది దాటాక వాళ్ల నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి. ఎవరు ఎత్తారు, ఎత్తిన మనిషి నర్సా, కాల్ సెంటరా? 'ఇంట్లో ఉన్న పేషెంటుకు ఇప్పుడు నొప్పి ఎక్కువైతే మీరేం చేస్తారు' అని అడగండి. 'అంబులెన్సులో ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి' అనే ఒక్క జవాబే వస్తే, మీరు డబ్బు కట్టేది పగటి నర్సు కోసమే. మంచి హోమ్‌కేర్ టీమ్ ఇంట్లో ముందే కొన్ని మందులు పెట్టి, ఏ లక్షణానికి ఏది ఎంత ఇవ్వాలో కాగితం మీద తెలుగులో రాసిస్తుంది. ఫోన్‌లో ధైర్యం చెబుతూ మీ చేతే ఇప్పిస్తుంది. అవసరమైతే వస్తుంది.

మీ నాన్నగారి జబ్బులో ముఖ్యంగా చూడాల్సిన రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, పుండు వాసన. దీని వల్లే రోగులు మనుషుల్ని దగ్గరికి రానివ్వరు, మనవల్ని కూడా. మెట్రోనిడజోల్ మాత్రల్ని మెత్తగా పొడి చేసి, శుభ్రం చేసిన పుండు మీద చల్లితే వాసన చాలావరకు తగ్గుతుంది. ఖరీదు తక్కువ, చేయడం తేలిక. 'వాసనకు ఏం చేస్తారు' అని అడిగితే రూమ్ స్ప్రే గురించి చెప్పేవాళ్లకూ, ఈ పొడి గురించి చెప్పేవాళ్లకూ తేడా మీకే అర్థమవుతుంది.

రెండోది చెప్పడం నాకూ కష్టమే. మెడ, దవడ దగ్గరి పుండ్లు ఒక్కోసారి లోపలి రక్తనాళం దాకా వెళ్తాయి. అప్పుడు ఉన్నట్టుండి ఎక్కువ రక్తం పోవచ్చు. అందరికీ ఇలా జరగదు. కానీ జరిగే వీలుందా అని డాక్టర్ ముందే పరీక్షించి, ఉంటే కుటుంబంలో ఒకరిద్దరిని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాలి. ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర పెట్టుకోమంటారు, ఎరుపు కనబడి రోగి బెదిరిపోకుండా. వెంటనే మగత వచ్చే మందు ఒకటి సిద్ధంగా ఉంచుతారు. ఇంత కష్టమైన విషయాన్ని దాచకుండా, బెదరగొట్టకుండా చెప్పగలిగారంటే, వాళ్లు ఇలాంటి ఇళ్లలో చివరిదాకా నిలబడి చూసినవాళ్లు.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చుని మాట్లాడి వచ్చేయకండి. వీలైతే చెప్పకుండా, సాయంత్రం పూట వెళ్లండి. వార్డులో ఉన్నవాళ్ల నోళ్లు చూడండి. పెదాలు ఎండి పగిలి, నాలుక మీద తెల్లటి పొర ఉంటే రోజూ నోరు శుభ్రం చేయడం లేదన్నమాట. మడమలు, వీపు పుండ్లు పడుతున్నాయేమో అక్కడి కుటుంబాలనే అడగండి. కదల్లేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, అది రాసిపెట్టే కాగితం మంచం దగ్గర ఉండాలి. రాత్రి ఎంతమంది పేషెంట్లకు ఒక సిస్టర్ ఉంటుందో కనుక్కోండి. బయట టీ కొట్టు దగ్గర ఉండే అటెండెంట్లతో పది నిమిషాలు మాట్లాడితే, కరపత్రాల్లో లేనివి తెలుస్తాయి.

అన్నిటికంటే నేను ఎక్కువగా చూసేది వేరే ఉంది. డాక్టర్ గానీ నర్సు గానీ మొదటిసారి వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారు? ఫైలు తిరగేసి మీతో మాట్లాడి వెళ్లిపోతే అది మామూలు ఆసుపత్రి రౌండే. కుర్చీ లాక్కుని మీ నాన్నగారి పక్కన కూర్చుని, మాట రాకపోతే కాగితం, పెన్ను ఇచ్చి, 'నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత? ఎప్పుడు ఎక్కువ? అన్నిటికంటే మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నదేంటి?' అని అడగాలి. మరునాడు మళ్లీ అదే ప్రశ్న వేసి తగ్గిందో లేదో రాసుకోవాలి. మీరెలా ఉన్నారని, రాత్రి మీకు నిద్ర ఉందా అని మిమ్మల్నీ అడగాలి.

ఏసీ గది, టీవీ, 'ఐసీయూ బ్యాకప్' చూసి తేల్చుకోవద్దు. ఈ దశలో రోజూ రక్తపరీక్షలు, బాటిళ్ల మీద బాటిళ్లు గ్లూకోజ్ ఎక్కించడం మంచి సంరక్షణకు గుర్తు కాదు. చివరి రోజుల్లో శరీరానికి ఆకలి, దాహం తగ్గిపోతాయి. అప్పుడు బలవంతంగా ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లో, కాళ్లలో చేరి ఆయాసం పెంచవచ్చు. క్యాన్సర్ తగ్గిస్తామని ఆశ పెట్టేవాళ్లను, నెల ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టమని, మధ్యలో ఏం జరిగినా ఆ డబ్బు తిరిగి ఇచ్చేది లేదని చెప్పేవాళ్లను వదిలేయండి. వృద్ధాశ్రమానికే హాస్పీస్ అని పేరు పెట్టుకున్నవీ ఉన్నాయి. జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, ఏ డాక్టర్ ఎన్ని రోజులకోసారి వస్తారు అని అడిగితే తేలిపోతుంది.

మీ అన్నయ్యకు ఒక మాట చెప్పండి. ఆయన ఉన్న దేశంలో కూడా హాస్పీస్ సేవ ఎక్కువగా ఇంట్లోనే అందుతుంది, పెద్ద భవనంలో కాదు. అక్కడ మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధనలు, నాణ్యత వివరాలు బయట పెట్టే పద్ధతి ఉన్నాయి. ఇక్కడ అలా ఇంటర్నెట్‌లో చూసి పోల్చుకునే వీలు లేదు కాబట్టి మనమే వెళ్లి అడగాలి. ఆయన డబ్బు పంపడం కంటే, రోజూ ఒక గంట వీడియో కాల్‌లో నాన్నగారి దగ్గర ఉంటే మీకూ కాస్త ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

ఉచితమంటే నాసి అనుకోవద్దు. హైదరాబాద్‌లో రోటరీ క్లబ్ ఆఫ్ బంజారా హిల్స్ వాళ్లు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పీస్ ఉచితంగానే నడుస్తోంది. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఏళ్లుగా పని చేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం కూడా జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది, 'ఆలన' వాహనాల్లో సిబ్బంది ఇళ్లకు వెళ్తారు. విశాఖ వైపు ఉన్న పాఠకులు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగవచ్చు. తిరువనంతపురం కేంద్రంగా పని చేసే పాలియం ఇండియా వాళ్ల వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా కేంద్రాల జాబితా ఉంటుంది. పేరు చూసి ఆగకండి, పైన చెప్పిన ప్రశ్నలు వీళ్లనూ అడగండి.

ఇంట్లోనే చూసుకోవాలని మీరు నిర్ణయించుకుంటే, ఒక విషయం ముందే మాట్లాడుకోవాలి. అమంగళం అనుకోకుండా వినండి. ఇంట్లో ప్రాణం పోతే, వచ్చి చూసి, మరణ కారణం రాసి ఇచ్చే డాక్టర్ ఎవరు? ఇంటి దగ్గర చనిపోయినవాళ్లకు ఆ సర్టిఫికెట్ ఫారం 4ఏలో ఇస్తారు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఇది ముందే అనుకోకపోవడం వల్ల, అంత దుఃఖంలో కాగితం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కుటుంబాలను చూశాను. అలాగే, ఊపిరి ఆగే వేళ వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది నాన్నగారికి తెలివి ఉండగానే ఆయననే అడిగి రాసిపెట్టండి. అలా ముందుగా రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ చేయించవచ్చు. ఎలా చేయాలో మంచి టీమ్ దగ్గరుండి చెబుతుంది.

ఇవన్నీ అడిగి, చూసి తేల్చుకోవడానికి వారం పట్టవచ్చు. నాన్నగారు అన్నాళ్లు నొప్పితో ఉండకూడదు. ఎక్కడ చేర్చాలో తేలేదాకా ఆగకుండా, రేపు ఉదయమే ఆయన ఫైలు, ఇప్పుడు వాడుతున్న మందులు, పుండు ఫొటో తీసుకుని దగ్గర్లోని పాలియేటివ్ కేర్ ఓపీకి వెళ్లండి. ఆయన కదల్లేకపోతే ముందు మీరొక్కరే వెళ్లి పరిస్థితి చెప్పండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో, నొప్పి ఎన్ని గంటలకు వచ్చిందో ఈ రోజు నుంచే ఒక నోట్‌బుక్‌లో రాయండి. డాక్టర్‌కు స్కాన్ రిపోర్టు కంటే ఆ పేజీయే ముందు చూపించండి.