పేరు చివర్న పెడదాం

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

ఆశీస్సులు. తెనాలిలో మీ నాయనమ్మ పెరట్లోంచి తెచ్చి విజయవాడలో డాబా మీద పెంచుతున్న గులాబీ ఫొటో చూశాను. "మామయ్యా, ఇది ఏ రకం?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఒక్క పువ్వు ఫొటో చూసి పేరు చెప్పేసేవాళ్లను నమ్మకు. నన్ను కూడా.

చాలా ఏళ్ల కిందట మా వీధిలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే ప్రహరీ పక్కనున్న గులాబీ కొమ్మలు నాలుగు తెచ్చి నాటాను. ముద్దపువ్వు, గుప్పుమనే వాసన. పుస్తకంలో బొమ్మ చూసి డమాస్క్ అనే పాతకాలపు సువాసన గులాబీ అని తేల్చేశాను. అడిగినవాళ్లందరికీ కొమ్మలిచ్చాను, పేరుతో సహా. ఆ ఇంటావిడ ఓ పెళ్లిలో కనిపించి, "మేం కొన్నది ఎర్ర గులాబీ అండీ, అదెప్పుడో పోయింది. ఇది కింద నుంచి మొలిచింది" అంది. తీరా చూస్తే పన్నీరు గులాబీ, ఎడ్వర్డ్ రోజా అంటామే, అదే. మన వైపు అంట్లు కట్టడానికి కింద వేరు మొక్కగా దాన్ని వాడటం పాత అలవాటు. పైన కట్టిన రకం చచ్చిపోయి కింది పిలక పెరిగిందన్నమాట. నేను పెట్టిన తప్పు పేరు ఇంకా ఎవరి కుండీలోనో ఉండే ఉంటుంది.

నీది కొమ్మ నాటి పెంచిందైతే కుండీలో ఎంత వెతికినా అంటు కట్టిన చోట ఉండే బుడిపె కనపడదు. తెనాలి వెళ్లి తల్లి మొక్క మొదట్లో మట్టి తీసి చూడు. బుడిపె ఉండి, కొమ్మలన్నీ దాని కింద నుంచే వస్తుంటే సగం సంగతి తేలినట్టే.

ఎడ్వర్డ్ అంటే ఇంగ్లండు రాజుగారి పేరే అనుకునేవాణ్ణి. కానీ ఆ ఏడో ఎడ్వర్డ్ గద్దెనెక్కింది 1901లో. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి ఉంది, అప్పట్లో బూర్బన్ అనేవారు. అక్కడ 'రోజ్ ఎడ్వార్' అని పిలిచే మొక్క విత్తనాలు 1819 ప్రాంతంలోనే ఫ్రాన్సు చేరాయి. బూర్బన్ గులాబీల వంశం అక్కడ మొదలైంది. మన ఎడ్వర్డూ ఆ ఎడ్వారూ ఒకటేనా అన్నది ఇంకా వాదనే. డమాస్క్ సంగతీ అంతే. పేరులో డమాస్కస్ ఉంది, సైన్యాలతో పాటు అక్కడి నుంచి యూరప్ వచ్చిందని కథలున్నాయి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ చూస్తే ముగ్గురు పూర్వీకులు తేలారు. అందులో ఒకటి మధ్య ఆసియా అడవి గులాబీ.

ఇక మొక్కను చూడటం. మొగ్గ విచ్చేటప్పుడు కింద అయిదు ఆకుపచ్చ రేకులుంటాయి, బళ్లో రక్షక పత్రాలని చదువుకున్నావు. పాత యూరప్ రకాలు చాలావాటిలో రెండింటికి రెండంచులా కుచ్చుంటుంది, రెండింటికి అసలుండదు, అయిదోదానికి ఒకవైపే ఉంటుంది. అయిదుగురు అన్నదమ్ముల్లో ఇద్దరికే గడ్డం, ఇద్దరికి లేదు, ఒకడికి సగం అని లాటిన్‌లో పొడుపుకథే ఉంది. ఆకు కాడ మొదట్లో అతుక్కున్న చిన్న రెక్కల అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటే మల్టీఫ్లోరా అనే గుత్తిపూల అడవి గులాబీతో చుట్టరికం. ముల్లు, ఆకు వెనక వైపు, కాయ, అన్నీ ఫొటో తీయి. మేలో మన ఎండకు రంగు వెలిసి పువ్వు చిన్నదైపోతుంది, సంక్రాంతి రోజుల్లో తీసినదే లెక్క. ఏడాది పొడవునా పూస్తుంటే చైనా గులాబీ రక్తం ఉండే అవకాశం ఎక్కువ.

నాయనమ్మను ఎవరిచ్చారని అడుగు. "మిషన్ కాంపౌండులో దొరసాని నాటింది" అంటారేమో. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది కదా, ఈ జిల్లాలో ప్రతి పాత గులాబీకీ ఓ దొరసాని ఉంటుంది! నవ్వకు, చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఎవరు చెప్పారో, ఏ తేదీనో కూడా.

అప్పటిదాకా కుండీకి 'తెనాలి పెరటి గులాబీ' అని చీటీ కట్టు, కొటేషన్ గుర్తులతో. అసలు పేరు తెలియని పాత గులాబీలకు అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవుల్లో దొరికిన చోటి పేరే పెట్టి పిలుచుకుంటారు. కొమ్మ ఎవరికిచ్చినా ఆ చీటీతోనే ఇవ్వు.

తెనాలి వెళ్లేటప్పుడు పాత చెంచా పట్టుకెళ్లు, గడ్డపారతో తవ్వకు. వస్తూ అత్తయ్యకు రెండు పూలు తే, వాసన సంగతి నాకన్నా తనకే బాగా తెలుసు.

మీ మామయ్య