చవక విమానాల టెర్మినల్: ఏది తగ్గించవచ్చు, ఏది తగ్గించకూడదు

మీ ప్రశ్నలు – మా జవాబులు

విశాఖ దగ్గరి భోగాపురం విమానాశ్రయం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చవక విమానాల టెర్మినళ్లకు సంబంధించినవి ఏరి ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న (మధురవాడ): సింగపూర్‌లో, కౌలాలంపూర్‌లో చవక విమానాలకు విడిగా టెర్మినల్ కట్టారని విన్నాం. మన భోగాపురంలోనూ అలాంటిది కడితే టికెట్ ఎంత తగ్గుతుంది?

జవాబు: భవనం చవగ్గా కట్టినందుకు టికెట్‌లో నేరుగా తగ్గేది చాలా స్వల్పం. సింగపూర్ చాంగీలో 2006 మార్చి 26న బడ్జెట్ టెర్మినల్ తెరిచినప్పుడు అక్కడ విమానం ఎక్కేవారికి రుసుము 13 సింగపూర్ డాలర్లు, పెద్ద టెర్మినళ్లలో 21. అంటే తేడా 8 డాలర్లు. టోక్యో నరిటాలో 2015 ఏప్రిల్ 8న తెరిచిన మూడో టెర్మినల్‌లో కూడా, భద్రతా రుసుము పక్కన పెడితే, అంతర్జాతీయ ప్రయాణికులకు మిగతా రెండింటిలో తీసుకునేదానిలో దాదాపు సగమే పెట్టారు. మన దేశంలో పెద్ద విమానాశ్రయాలు ప్రయాణికుల నుంచి తీసుకునే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజును ఏరా అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. విమానయాన సంస్థ ఖర్చులో మూడో వంతుకు పైగా ఇంధనానికే పోతుంది కాబట్టి ఈ ఫీజులో నాలుగు రూపాయలు తగ్గినా టికెట్ మీద పెద్దగా తెలియదు.

అసలు లాభం వేరేచోట ఉంది. విమానం గాల్లో ఉన్నప్పుడే సంపాదిస్తుంది, నేల మీద నిలబడితే ఖర్చే. రోజుకు ఆరు ట్రిప్పులు తిరిగే విమానం మధ్యలో ఐదుసార్లు దిగి, మళ్లీ బయల్దేరాలి. దిగిన ప్రతిసారీ 45 నిమిషాలకు బదులు 30 నిమిషాల్లో తిప్పి పంపితే రోజుకు 75 నిమిషాలు మిగులుతాయి. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లడానికి పట్టే సమయం ఇంచుమించు అంతే. అదే విమానం, అదే అద్దె, కానీ దాదాపు ఒక ట్రిప్పు అదనం. టికెట్ ధర తగ్గించగలిగేది ఇది. కాబట్టి టెర్మినల్‌ను మెచ్చుకోవాలంటే ఎంత చవగ్గా కట్టారన్నది కాదు, విమానాన్ని ఎంత త్వరగా వదిలిపెడుతుందన్నది చూడాలి.

ఇక భోగాపురం సంగతి. విశాఖ నుంచి ఎగిరే విమానాల్లో ఎక్కువ భాగం ఇప్పటికే చవక సంస్థలవి. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది. ఇంత ట్రాఫిక్‌ను రెండు భవనాలకు పంచితే భద్రతా సిబ్బంది, స్కానర్లు, అగ్నిమాపక ఏర్పాట్లు అన్నీ రెండేసి కావాలి. ఒకే టెర్మినల్‌లో కొన్ని గేట్లను చవక విమానాల పద్ధతికి అనువుగా మలచడమే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న (గాజువాక): ఏరోబ్రిడ్జి పెట్టకుండా జనాన్ని ఎండలో నడిపించడం పొదుపా, పిసినారితనమా?

జవాబు: ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండూ కావచ్చు. ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి విమానం దాకా చాచే నడవా, సాధారణంగా ముందు తలుపు ఒక్కదానికే తగులుతుంది. 180 మంది ఆ ఒక్క తలుపులోంచే దిగాలి, మళ్లీ 180 మంది అందులోంచే ఎక్కాలి. స్టెప్ ల్యాడర్లు లేదా ర్యాంపులు పెడితే ముందూ వెనుకా రెండు తలుపులూ తెరవచ్చు. 30 నిమిషాల లెక్క ఇలా నడుస్తుంది: చక్రాల కింద అడ్డుకట్టలు పడ్డాక రెండు నిమిషాల్లో మెట్లు చేరతాయి. ఎనిమిది నుంచి పది నిమిషాల్లో అందరూ దిగిపోతారు. ఐదు నిమిషాలు క్యాబిన్ శుభ్రం. పన్నెండు నిమిషాల్లోపు కొత్తవాళ్లు ఎక్కుతారు. చివరి నిమిషంలో తలుపులు పడతాయి. ఈలోగా కింద సామాను దించడం, ఎక్కించడం, ఇంధనం పట్టడం సమాంతరంగా జరగాలి.

ఈ లెక్క ఎక్కువగా చెడిపోయేది బస్సు దగ్గర. విమానం దూరంగా నిలిస్తే 180 మందికి బస్సుకు 60–70 మంది చొప్పున మూడు బస్సులు కావాలి. రెండే ఉంటే మొదటి బస్సు తిరిగొచ్చేదాకా మూడో గుంపు గేటు దగ్గరే ఉంటుంది, విమానం తలుపు తెరుచుకునే ఉంటుంది. ఆదా చేశామనుకున్న పదిహేను నిమిషాలు అక్కడే ఖర్చయిపోతాయి. అందుకే గేటు నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో విమానాన్ని నిలపాలి. నడిచే దారికి గీతలు, అడ్డు తాళ్లు, వాహనాలు దాటేచోట మనిషి కాపలా ఉండాలి. పక్క విమానం ఇంజిన్ తిరుగుతుంటే ఎవరినీ బయటికి వదలకూడదు. ఏటీఆర్ విమానాల ప్రొపెల్లర్ల దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

పై కప్పున్న నడవా విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. అక్టోబరు, నవంబరు వానలు ఎలా పడతాయో విశాఖ వాళ్లకు చెప్పనక్కర్లేదు. వానలో గొడుగులు పంచి, ఒక్కొక్కరినీ పంపితే బోర్డింగ్ సమయం రెట్టింపవుతుంది. కప్పు వేయకుండా మిగిల్చిన డబ్బు వానాకాలంలో ఆలస్యాల రూపంలో ఖర్చవుతుంది.

ప్రశ్న (ఏయూ ఇంజినీరింగ్ విద్యార్థి): ఇలాంటి టెర్మినల్‌కు వైశాల్యం ఎలా లెక్క కడతారు?

జవాబు: ఏడాది మొత్తం సంఖ్యతో మొదలుపెట్టవద్దు. రద్దీ గంటతో మొదలుపెట్టండి. ఉదయం ఒక గంటలో నాలుగు విమానాలు, ఒక్కోటి 180 సీట్లు, 85 శాతం నిండాయనుకోండి. బయల్దేరేవాళ్లు 612 మంది. ఒక సెక్యూరిటీ లేన్ గంటకు 150 మందిని పంపగలదని తీసుకుంటే నాలుగు లేన్లలో 600 మందే దాటతారు, అంటే చాలవు. ఒక ఎక్స్‌రే యంత్రం ఆగినా క్యూ బయటిదాకా వస్తుంది. ఐదు పెట్టండి.

అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐయాటా ప్రమాణాల ప్రకారం గేటు దగ్గర కూర్చునేవారికి తలా 1.5–1.7 చదరపు మీటర్లు, నిలబడేవారికి 1.0–1.2 ఉండాలి. 612 మందిలో 70 శాతానికి కుర్చీలు వేస్తే 428 మందికి 728 చదరపు మీటర్లు, మిగిలిన 184 మందికి 221. మొత్తం 950 దాకా. చెక్-ఇన్ క్యూలో తలా 1.3–1.8 వేసుకోండి. మన ప్రయాణికులు ట్రాలీలతో వస్తారు గనుక పై అంకె తీసుకోవడమే మంచిది.

విమానం ఒక గంట ఆలస్యమైతే ఆ గంట జనం, తర్వాతి గంట జనం కలిసిపోతారు. కుర్చీలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు ఆ రోజుకు సరిపోవాలి. పాలరాయి తగ్గించండి, ఎత్తయిన పైకప్పులు తగ్గించండి, లాంజ్ మానేయండి. కుర్చీలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు మాత్రం తగ్గించకండి.

ప్రశ్న (పెందుర్తి, ఫ్యాబ్రికేషన్ షెడ్ యజమాని): ఒకే అంతస్తు, స్టీల్ షెడ్ తరహా కట్టడమే అయితే మన ఊళ్లో తుపాన్లకు ఆగుతుందా?

జవాబు: ఆగేలా కట్టవచ్చు, కానీ గోడౌన్ లెక్కతో కాదు. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కకట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. దాన్నుంచి వచ్చే ఒత్తిడి, మిగతా గుణకాలు కలపకముందే, చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. సుమారు 150 కిలోల బరువుతో సమానం. 2015 సవరణలో తూర్పు తీరానికి తుపాను గుణకం చేర్చారు: మామూలు కట్టడాలకు 1.00, పారిశ్రామిక కట్టడాలకు 1.15, తుపాను తర్వాత తప్పక పనిచేయాల్సినవాటికి 1.30. ఈ గుణకం వేగానికి వర్తిస్తుంది, ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.30ను 1.30తో హెచ్చిస్తే 1.69. అంటే 150 కిలోలు 250 దాటుతాయి. సహాయక సామగ్రి దిగాల్సింది విమానాశ్రయంలోనే కాబట్టి టెర్మినల్‌ను 1.30 తోనే డిజైన్ చేయాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విమానాశ్రయం ఎంత దెబ్బతిన్నదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి భవనాల్లో నష్టం సాధారణంగా స్తంభాల దగ్గర కాదు, కప్పు అంచుల దగ్గర మొదలవుతుంది. అంచుల్లో, మూలల్లో గాలి రేకును పైకి పీల్చే బలం మధ్య భాగంలో కంటే చాలా ఎక్కువ. స్క్రూలు, క్లిప్పులు మధ్యలో వేసినంత దూరంలోనే అంచుల్లోనూ వేస్తే రేకు అక్కడ లేస్తుంది. తర్వాత ముందువైపు అద్దం పగిలితే గాలి లోపలికి దూరి కప్పును కింది నుంచి తోస్తుంది. పైన పీల్చడం, కింద తోయడం రెండూ కలిస్తే ఫాల్స్ సీలింగ్, ఏసీ డక్టులు అన్నీ ఊడిపడతాయి. అందుకని అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయండి, ముందు పోర్టికోకు పైకి లేచే బలాన్ని విడిగా లెక్కకట్టండి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు స్క్రూ తల కొన్నేళ్లలోనే తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి.

ప్రశ్న (డాబాగార్డెన్స్): సింగపూర్ తన బడ్జెట్ టెర్మినల్‌ను ఆరేళ్లకే ఎందుకు మూసేసింది?

జవాబు: 2012 సెప్టెంబరు 25న మూసి, పడగొట్టి, ఆ స్థలంలో నాలుగో టెర్మినల్ కట్టారు. అది 2017 అక్టోబరు 31న తెరుచుకుంది. చవక విమానాల్లో వచ్చేవాళ్లు పెరిగారు, ఆ ఒక్క అంతస్తు భవనానికి పెరిగే వీలు లేకపోయింది. పైగా అక్కడ విమానం మారే సదుపాయం లేదు. మారాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. కౌలాలంపూర్ కథా ఇలాంటిదే. 2006 మార్చిలో తెరిచిన చవక టెర్మినల్ నిండిపోయి, 2014 మేలో కేఎల్ఐఏ2 అనే కొత్త టెర్మినల్‌కు మారారు. ఏరోబ్రిడ్జిలు వద్దని మలేషియా చవక విమాన సంస్థ ఎయిర్ ఏషియా ఎంత చెప్పినా కొత్త భవనంలో అవి పెట్టారు. మొదటి రోజుల్లో యాప్రాన్, అంటే విమానాలు నిలిపే చోట, నేల కుంగి నీళ్లు నిలిచాయి. మెత్తటి నేల మీద కాంక్రీటు వేసే ఎవరికైనా ఇది హెచ్చరిక.

ప్రశ్న (భీమిలి): కొత్త టెర్మినల్ తెరిచిన రోజున గందరగోళం ఎందుకవుతుంది? ముందే ఏం పరీక్షించాలి?

జవాబు: భవనం పూర్తికావడం వేరు, టెర్మినల్ సిద్ధం కావడం వేరు. 2008 మార్చి 27న లండన్ హీత్రో ఐదో టెర్మినల్ తెరిచినప్పుడు సిబ్బందికి కార్ పార్కింగ్ దొరకలేదు, తమ భద్రతా తనిఖీ దాటడానికే చాలా సేపు పట్టింది. పరీక్షల కోసం పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ వడపోతను తీయడం మరిచిపోవడంతో సామాను సమాచారం అందక బ్యాగులు వేలల్లో పేరుకున్నాయి. బెర్లిన్‌లో కొత్త విమానాశ్రయం 2012 జూన్ 3న తెరవాల్సింది. నాలుగు వారాల ముందు ఆపేశారు, కారణం అగ్నిప్రమాదంలో పొగ బయటికి పంపే వ్యవస్థ. చివరికి 2020 అక్టోబరు 31న తెరిచారు.

సన్నాహం కనీసం తొమ్మిది నెలల ముందు మొదలవ్వాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు, విమానాశ్రయాల భద్రత చూసే బీసీఏఎస్ అనుమతి, అగ్నిమాపక అనుమతి, కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఒక వరస. రెండో వరస మనుషులది. తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ జవాను నుంచి ట్రాలీలు తోసే కుర్రాడి దాకా ప్రతి ఒక్కరికీ ప్రవేశ పాసు రావాలి, పోలీసు విచారణ పూర్తవ్వాలి, తను నిలబడే చోట ఒక్కసారైనా పనిచేసి ఉండాలి. చివరి నెలలో సగం పాసులు పెండింగ్‌లో ఉండటమే సాధారణంగా కనిపించే జబ్బు.

ట్రయల్స్ మొదట 50 మందితో, తర్వాత 200, చివరికి 500 మందికి పైగా వాలంటీర్లతో చేయండి. వాళ్లలో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, తెలుగు తప్ప వేరే భాష చదవలేనివాళ్లు ఉండాలి. బోర్డులు అర్థమవుతున్నాయో లేదో వాళ్లే చెబుతారు. సామాను పరీక్షకు కొత్త సూట్‌కేసులు తెచ్చి మురిసిపోవద్దు. తాడు కట్టిన అట్టపెట్టెలు, గోనెసంచులు, ఊరగాయ డబ్బాలు, మాడుగుల హల్వా పెట్టెలు, ఎండుచేపల మూటలు వేసి చూడండి. వేలాడే తాడు కన్వేయర్ రోలర్‌లో చిక్కుకుంటుంది, నలిగిన ట్యాగు స్కానర్‌కు చదవడం రాదు. అలాంటివాటిని చేత్తో వేరుచేసే మనిషి, స్థలం లేకపోతే పది నిమిషాల్లో బెల్టు ఆగుతుంది.

జనం లోపల ఉండగానే ఒకసారి కరెంటు తీసేయండి. జనరేటర్ అందుకున్నా, యూపీఎస్ లేని ఎక్స్‌రే యంత్రం మళ్లీ మొదలవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఉదయం రద్దీలో ఆ నిమిషాలు క్యూ అవుతాయి.

ఒక్క రాత్రిలో మారాలా, విడతలుగానా అన్నది మరో ప్రశ్న. కౌలాలంపూర్‌లో 2014 మే 2న చిన్న సంస్థలు మారాయి, ఎయిర్ ఏషియా మే 9న వెళ్లింది. లోపాలు పట్టుకోవడానికి మధ్యలో ఒక వారం దొరికింది. హైదరాబాద్‌లో మాత్రం 2008 మార్చి 23న బేగంపేట నుంచి శంషాబాద్‌కు ఒకేసారి మార్చారు. పాత విమానాశ్రయం మూసేస్తున్నప్పుడు విడతలకు అంత వీలుండదు. అలాంటప్పుడు మొదటి వారం షెడ్యూల్ పలచగా పెట్టుకోవాలి.

ప్రశ్న (సీతమ్మధార): అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. కౌలాలంపూర్ మీదుగా తీసుకెళ్తున్నాను. మెట్లెక్కాల్సి వస్తే ఎలాగండి?

జవాబు: ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు విమానయాన సంస్థకు చెప్పండి. "వీల్‌చైర్ కావాలి" అని మాత్రమే చెబితే మెట్లెక్కగలిగినవారి కోడ్ డబ్ల్యూసీహెచ్ఆర్ వేస్తారు. మీ అమ్మగారికి కావలసింది డబ్ల్యూసీహెచ్ఎస్, అంటే మెట్లెక్కలేరని. ఆ అక్షరం తేడా వల్లే చాలామంది విమానం పక్కన మెట్ల కింద ఆగిపోతారు. ఎస్ అని ఉంటే వీల్‌చైర్‌ను విమానం తలుపు దాకా ఎత్తే ఆంబులిఫ్ట్ బండి గానీ, ర్యాంపు గానీ ముందే సిద్ధం చేస్తారు.

కౌలాలంపూర్‌లో ఎయిర్ ఏషియా దిగేది రెండో టెర్మినల్ (కేఎల్ఐఏ2)లో. మీ రెండో విమానం ఒకటో టెర్మినల్ నుంచి ఉంటే అక్కడికి మారాలి. రైలులో మూడు నిమిషాలే. కానీ రెండు టికెట్లు విడివిడిగా కొంటే సామాను తనంతట తాను వెళ్లదు. మీరు ఇమిగ్రేషన్ దాటి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. నాలుగు గంటలకు తక్కువ వ్యవధి పెట్టుకోవద్దు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు కూడా. వీలైతే ఒకే బుకింగ్‌లో తీసుకోండి. బ్యాంకాక్ మీదుగా అయితే విమానాశ్రయం పేరు తప్పక చూడండి. థాయ్ ఎయిర్ ఏషియా ఎక్కువగా దిగేది డాన్ మువాంగ్‌లో, చాలా పెద్ద సంస్థలు ఎగిరేది సువర్ణభూమి నుంచి.

ప్రశ్న (ద్వారకానగర్): టెర్మినల్‌లో టిఫిన్ కౌంటర్ పెట్టాలంటే?

జవాబు: అద్దె సాధారణంగా కనీస హామీ మొత్తం లేదా అమ్మకాల్లో వాటా, ఏది ఎక్కువైతే అది. చవక విమానాల్లో భోజనం డబ్బిచ్చి కొనాలి కాబట్టి ఉదయం ఐదు నుంచి ఎనిమిది మధ్య ఇడ్లీ, ఉప్మా బాగా అమ్ముడవుతాయి. పెనం, స్టీమర్ విద్యుత్తువి అనుకుని లెక్క వేసుకోండి, గ్యాస్ సిలిండర్‌ను సాధారణంగా లోపలికి రానివ్వరు. పిండి, కూరగాయలు సైతం తనిఖీ దాటే రావాలి. కాబట్టి సరుకు తెల్లవారుజామున మూడింటికే గేటు దగ్గరుండాలి.