ల్యాబ్ రిపోర్టులకు ఏ క్లౌడ్ తీసుకోవాలి?

ప్రశ్న: ఖమ్మంలో చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. రిపోర్టులు, బిల్లులు అన్నీ ఒకే కంప్యూటరులో ఉన్నాయి. ఒకసారి హార్డ్ డిస్క్ పాడై రెండు రోజుల రిపోర్టులు పోయాయి. క్లౌడ్‌కు మారమంటున్నారు గానీ పబ్లిక్, ప్రైవేట్, హైబ్రిడ్ అంటూ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఏది మంచిది?

జవాబు: క్లౌడ్ అంటే వేరొకరి డేటా సెంటర్‌లోని కంప్యూటర్లను, నిల్వను, సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే. అమెజాన్ 2006లో నిల్వనూ సర్వర్లనూ ఇలా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2022 నవంబరు నుంచి ఆ సంస్థ డేటా సెంటర్లు హైదరాబాదులోనూ పనిచేస్తున్నాయి. కాబట్టి మీ రోగుల సమాచారం దేశం దాటవలసిన అవసరం లేదు. అయితే మీరు కొనే సాఫ్ట్‌వేర్ దాన్ని ఎక్కడ నిల్వ చేస్తుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

పబ్లిక్ క్లౌడ్ అనగానే రిపోర్టులు అందరికీ కనిపిస్తాయని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అపార్ట్‌మెంటులో లిఫ్టూ నీళ్ల ట్యాంకూ ఉమ్మడివైనా ఎవరి ఫ్లాటు తాళం వారి దగ్గరే ఉన్నట్టు, ఇక్కడ యంత్రాలు మాత్రమే ఉమ్మడి. ప్రైవేట్ క్లౌడ్ ఒక్క సంస్థ కోసమే నడుస్తుంది. దాన్ని చూసుకునే నిపుణులకు జీతాలివ్వగల బ్యాంకుల వంటి వాటికే అది తగినది.

అయితే పబ్లిక్కా ప్రైవేటా అన్నదానికన్నా ముందు, రోజువారీ నిర్వహణ ఎవరు చూస్తారన్నది తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఉత్త సర్వరు అద్దెకు తీసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, బయటివారి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్, బ్యాకప్ అన్నీ మీ బాధ్యతే అవుతాయి. క్లౌడ్‌లో ఉంది కదా అని వాటిని పట్టించుకోకపోతే పోయిన రిపోర్టులు అక్కడా తిరిగి రావు. మీ ల్యాబ్‌లో కంప్యూటర్ ఇంజినీరు లేనప్పుడు, నిర్వహణంతా అమ్మకందారే చూసుకునే, నెలవారీ చందాతో బ్రౌజరులో నడిచే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవడమే మేలు. దాన్ని సాస్ అంటారు. నెట్ పోయినప్పుడు రోగిని కూర్చోబెట్టకుండా రిపోర్టు ప్రింటు తీసి, నెట్ రాగానే దానంతట అదే క్లౌడ్‌కు పంపే సదుపాయం ఉన్నదైతే మరీ మంచిది. సొంత కంప్యూటర్లనూ క్లౌడ్‌నూ కలిపి వాడే హైబ్రిడ్ పద్ధతిలో మీకు పనికొచ్చేది అంతవరకే.

గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డరు సింక్ చేసుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే రెండు చోట్లా ఫైళ్లను ఎప్పుడూ ఒకేలా ఉంచడం, బ్యాకప్ అంటే విడిగా దాచిన నకలు. సింక్ అయ్యే ఫోల్డరులో పొరపాటున ఫైలు తొలగిస్తే డ్రైవ్‌లోనూ అది ట్రాష్‌లోకి వెళ్లి, 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది.

ఖాతాను అమ్మకందారు మెయిల్‌తోనో, ఉద్యోగి ఫోను నంబరుతోనో తెరవనివ్వకండి. యజమానిగా మీ మెయిల్ ఇచ్చి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ వంటిది కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, పని వేరొకరికి అప్పగించినా రోగుల సమాచారానికి బాధ్యతను మీ మీదే ఉంచింది.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ట్రయల్ ఖాతాలో పది నమూనా రిపోర్టులు ఎక్కించి, వాటిని మీరే ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్లుగా దించుకుని, వేరే కంప్యూటరులో తెరిచి అంకెలన్నీ సరిపోల్చండి. అందుకు అమ్మకందారు ఒప్పుకోకపోయినా, ఫైళ్లు సరిగా తెరుచుకోకపోయినా, చందా ఎంత చవకైనా ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోవద్దు.