బాగుంది కదా అని మాత్ర ఆపకు

పర్లాకిమిడి

చిరంజీవి నానీకి, అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ చెల్లెలు ఫోను చేసి చెప్పింది. ఆర్నెల్లు ఇంటి దగ్గర నుంచే పని చేస్తానని ఆఫీసులో ఒప్పించుకున్నావట. అమ్మని కీమోకి నువ్వే తీసుకెళ్తావట. పదో తరగతి దాకా కంచం ముందు కూర్చుని "అమ్మా, నీళ్ళు" అని కేకేసిన వెధవవి నువ్వేనా అనిపించింది. మీ నాన్న ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేవాడు. ఆ తర్వాత మీ చెల్లెలు ఇంకో మాట చెప్పింది. పొద్దున్నే కారులో బయల్దేరి, విశాఖ దగ్గర అగనంపూడి కాన్సర్ ఆస్పత్రిలో మందు ఎక్కించుకుని, రాత్రికి ఇంటికి వచ్చేస్తామన్నావని. అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. అందుకే తెల్లారగట్ల లేచి ఈ ఉత్తరం.

మీ అమ్మకి ఇక్కడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్ళినా తిప్పుతుంది కదరా! కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చేతిలో నిమ్మకాయ పట్టుకుని కూర్చునే మనిషి. కీమో ఎక్కించుకున్న రాత్రి హైవే మీద అన్ని గంటల ప్రయాణమా? రైల్లో వెళ్ళండి. ముందు రోజే వెళ్ళండి, మందు అయ్యాక ఒక రాత్రి అక్కడే ఉండండి. గది అద్దె నేనిస్తాను.

ఇంకోటి నీకు తెలియదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మకి ఐదో నెల దాకా వేవిళ్ళు తగ్గలేదు. మంచినీళ్ళు తాగినా డోకే. రెండుసార్లు నేనే సెలైను పెట్టాను. ఇది ముచ్చటగా చెప్పుకోవడానికి కాదు, ఈ రెండు ముక్కలూ మొదటి రోజే డాక్టరుకి చెప్పు. ప్రయాణాలు పడనివాళ్ళకి, వేవిళ్ళు గట్టిగా పట్టినవాళ్ళకి కీమో వాంతులు ఎక్కువగా వస్తాయి. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకి ఎక్కువ, పెద్దవాళ్ళ కన్నా వయసులో ఉన్నవాళ్ళకి ఎక్కువ. విచిత్రం ఏమిటంటే, ఏళ్ళ తరబడి బాగా తాగినవాళ్ళకి తక్కువ. మీ అమ్మకి ఆ యోగమూ లేదు.

ఫైలు, పాత రిపోర్టులు, ఆధార్, రెండు తువ్వాళ్ళు, మూతున్న చిన్న బకెట్టు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

మీ అమ్మకి రాసినవాటిలో ఎర్ర మందు ఉంది. అడ్రియామైసిన్. అది ఎక్కించాక ఒంటేలు కూడా ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని హడలిపోకండి. దానితో కలిపి సైక్లోఫాస్ఫమైడ్ అనే ఇంకో మందు ఇస్తారు. ఈ జోడీని బాగా వాంతులు చేయించే తరగతిలో లెక్కేస్తారు. వాంతులు రాకుండా ముందే ఏమీ ఇవ్వకపోతే ఆ తరగతి మందులకి పదిమందిలో తొమ్మిదిమంది పైగా వాంతులు చేసుకుంటారు. ఎర్ర మందు డోసులు అయ్యాక ఇచ్చే పాక్లిటాక్సెల్‌కి ఈ బాధ బాగా తక్కువ. కాబట్టి మన యుద్ధమంతా మొదట్లోనే.

అసలు ఈ వాంతి ఎక్కడ పుడుతుందో తెలిస్తే మాత్రల చీటీ నీకు వేరేగా కనిపిస్తుంది. నరంలోకి ఎక్కించే మందు కడుపునెందుకు తిప్పుతుందని మీ మామయ్య కూడా అడిగేవారు. కీమో పేగు లోపలి పొరలో ఉన్న కొన్ని కణాలని దెబ్బ తీస్తుంది. వాటిలోంచి సెరటోనిన్ అనే పదార్థం ఒక్కసారిగా బయటికొస్తుంది. అది పేగు నుంచి మెదడుకి వెళ్ళే వేగస్ నరాన్ని రెచ్చగొడుతుంది. మెదడు అడుగు భాగంలో వాంతిని నడిపించే చోటుంది, కబురు అక్కడికి చేరుతుంది. విషం తిన్నామనుకుని శరీరం కక్కేస్తుంది. ఇది మొదటి 24 గంటల కథ. దీన్ని ఆపేవే ఆండాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్. సెరటోనిన్ వచ్చి కూర్చునే చోట ఇవి ముందే కూర్చుంటాయి. ముందే, అన్న మాట గుర్తుపెట్టుకో. బండి కదిలాక సీటు కోసం పరిగెత్తితే లాభం లేదు. అందుకే కీమో సీసా తగిలించడానికి ముందే వాంతుల మందు ఇస్తారు.

ఇది వీధి గుమ్మం. పెరటి గుమ్మం ఇంకోటుంది. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చే వాంతులకి సబ్‌స్టెన్స్ పి అనే వేరే పదార్థం ముఖ్య కారణం. అది మెదడులోనే పనిచేస్తుంది. దాన్ని ఆపేది అప్రెపిటెంట్ క్యాప్సూల్. మామూలుగా మొదటి రోజు కీమోకి గంట ముందు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80 చొప్పున. కొన్ని చోట్ల క్యాప్సూల్ బదులు అదే జాతి ఇంజెక్షను ఇస్తారు. వీటికి తోడు డెక్సామెథాసోన్ ఉంటుంది. అది స్టెరాయిడ్, రెండు గుమ్మాల దగ్గరా సాయం పడుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ అమ్మకీ తెలియదు ఇది.

మీ మామయ్య మన చిన్న బండి, అదే నారోగేజి రైల్వేలో పని చేశారు కదా. 2004లో చిన్న లైను ఆపేసినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు మూడు రోజులు మాట్లాడలేదు. పెద్ద లైను వేసి, బండి గుణుపురం దాకా నడిచిన రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాటి ఏడు ఆయనకి ఊపిరితిత్తుల్లో కాన్సర్ అని తేలింది. సిస్‌ప్లాటిన్ మొదలుపెట్టారు. "కీమో అయితేనేం, మన బండిలో విశాఖ వెళ్దాం" అని కిటికీ పక్క కూర్చున్నారు. నేను పులిహోర కట్టాను. ఆయనకి పులిహోరంటే ప్రాణం.

మొదటి డోసు రోజు ఒక్క వాంతి లేదు. నాకెంత పొగరో! ముప్పై రెండేళ్ళు పురుళ్ళ వార్డులో చేసినదాన్ని, ఎన్ని వందల వేవిళ్ళు చూశాను, నాకు వాంతుల గురించి ఒకరు చెప్పాలా? ఇంటికొచ్చాం. రెండో రోజు పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిన్నారు. షుగరు చూస్తే 290. డెక్సా వేస్తే షుగరు పెరుగుతుందని నాకు తెలుసు. మనిషి శుభ్రంగా ఉన్నాడు, వాంతి లేదు, ఇంకా ఈ స్టెరాయిడ్ దేనికి అనుకున్నాను. ఆండాన్‌సెట్రాన్‌కి మలబద్ధకం వచ్చిందని విసుక్కుంటున్నారు, సరే అదీ ఆపేశాను. ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచమని డాక్టరు చెప్పేవాడేమో. నేను అడగలేదు. చీటీలో నాలుగో రోజు దాకా రాసిన మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి.

సిస్‌ప్లాటిన్ వాంతులు రెండో రోజుకీ మూడో రోజుకీ మధ్య మళ్ళీ ముదురుతాయి. ఆ సంగతి నాకు మూడో రోజు అర్ధరాత్రి తెలిసింది. మొదలైతే ఆగలేదు. తిన్నది పోయింది, తర్వాత పసరు, ఆ తర్వాత ఏమీ లేకుండా ఒట్టి డోకులు. నా దగ్గరున్న మెటోక్లోప్రమైడ్ అనే పాత వాంతుల ఇంజెక్షను చేశాను. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. వీధి గుమ్మానికి తాళం వేశానని మురిసిపోయి, పెరటి గుమ్మం తలుపులు బార్లా తెరిచింది నేనే. అయినా ఆస్పత్రికి ఫోను చెయ్యలేదు. ఏమని చెప్పను? నర్సునై ఉండి మాత్రలు మానిపించానని చెప్పనా? ఒక పగలంతా ఆ సిగ్గుతోనే గడిపాను. సాయంత్రానికి ఒంటేలు రావడం ఆగింది. సిస్‌ప్లాటిన్ అసలే కిడ్నీలని దెబ్బ తీసే మందు, దాని మీద ఒంట్లో నీళ్ళు లేవు. విశాఖ తీసుకెళ్ళేసరికి, కిడ్నీల పని చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిపోయింది. రెండో డోసు రెండు వారాలు వెనక్కి పోయింది.

అసలు శిక్ష తర్వాత వచ్చింది. రెండో డోసుకి బండి ఎక్కాం. టెక్కలి దాటేసరికి ఆయన మొహం తెల్లబడింది. మందు లేదు, ఏమీ లేదు, కిటికీలోంచి వాంతి. మూడోసారి మన స్టేషన్లో బండి కూత విన్నందుకే. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన బండిరా అది! పులిహోర వాసన వస్తే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఒకసారి గట్టిగా బాధపడిన మెదడు ఆ చోటునీ, ఆ వాసననీ, ఆ రుచినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. అలా ముందే వచ్చే వాంతికి వాంతుల మాత్రలు పెద్దగా పని చెయ్యవు. ముందు రాత్రి లోరాజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర ఇచ్చారు, కొంత నయం. కానీ దానికి అసలు మందు ఒకటే, మొదటి డోసులోనే వాంతి రానివ్వకపోవడం. ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు ఉన్నారు. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పులిహోర చెయ్యలేదు, నిజం ఆయనకి చెప్పనూ లేదు.

అందుకే నాకీ భయం. నువ్వు తెలివైనవాడివి, గూగుల్‌లో అన్నీ చదువుతావు. నా భయం సరిగ్గా అదే. నీ అత్తకీ తెలివి ఉండేది.

చీటీలో ఓలాంజపైన్ అని ఒక మాత్ర ఉండొచ్చు. దాని గురించి చదివితే స్కిజోఫ్రీనియా మందు అని వస్తుంది. "మా అమ్మకి పిచ్చి మాత్ర ఇస్తారా" అని డాక్టరు మీద ఎగరకు. అదే మాత్ర వాంతులకీ, ముఖ్యంగా వికారానికీ బాగా పనిచేస్తుంది. రాత్రి పూట వెయ్యాలి, మత్తుగా ఉంటుంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 10 మిల్లీగ్రాముల బదులు రెండున్నరే ఇచ్చి చూశారు. వాంతులు ఆపడంలో తీసిపోలేదు, పగటి మత్తు తగ్గింది. 2024లో అచ్చయింది. మీ అమ్మ మరీ తూలిపోతుంటే మోతాదు తగ్గించొచ్చా అని అడుగు. అడుగు అన్నాను, తగ్గించు అనలేదు.

డెక్సా వేస్తే నిద్ర పట్టదు, పొద్దున్నే తిన్నాక వెయ్యి. మీ అమ్మకి షుగరు లేదు గానీ ఓసారి చూపించు. ఎర్ర మందుకి కొందరు డాక్టర్లు డెక్సాని మొదటి రోజుతోనే ఆపేస్తారు. ఆపాల్సింది వాళ్ళు. పాలోనోసెట్రాన్ ఇస్తే అది చాలా గంటలు ఒంట్లో ఉంటుంది, దాని మీద ఇంట్లో ఉన్న ఆండాన్‌సెట్రాన్ నీ అంతట నువ్వు వెయ్యకు.

మీ అమ్మ సంగతి ఇంకోటి. డాక్టరు "వాంతులయ్యాయా?" అంటే "లేదండి" అంటుంది, అబద్ధం కాదు. పొద్దున్నుంచి వెలపరంగా ఉంది, ముద్ద దిగట్లేదు అన్నది మాత్రం చెప్పదు. వికారం వేరు, వాంతి వేరు. మందులు వాంతిని ఆపినంత బాగా వికారాన్ని ఆపలేవు, అందుకే విడిగా చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళం, డాక్టరు దగ్గర మాత్రం గ్రాంథికంలోకి పోతాం! అమ్మ ఏ మాట అంటే ఆ మాటే, తిప్పుతోంది, డోకొస్తోంది, నోరు చేదు, ఏ రోజు ఏ గంటకి అని కాగితం మీద రాసి చూపించు. మొదటి డోసుకి కాస్త ఇబ్బంది అయినా రెండోసారికి మందు మార్చడానికి వాళ్ళకి ఆ కాగితమే ఆధారం.

తిండికి పెద్ద సూత్రాలేమీ లేవు. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. వేడి అన్నం కన్నా చల్లారినదే నయం, వాసన తక్కువ. మరమరాలు, పల్చటి జావ. పక్కింటివాళ్ళు ఎండుచేపలు వేపితే ఆ నాలుగు రోజులు ఆగమని బతిమాలుకో. మన చద్దన్నం, ఒడియావాళ్ళ పఖాళ ఇప్పుడొద్దు, తెల్లకణాలు తగ్గే రోజుల్లో నిలవ తిండి మంచిది కాదు. కీమో రోజు అమ్మకి ఇష్టమైనది మాత్రం పెట్టకు. పనసపొట్టు కూర ఆ దరిదాపులకి రానివ్వకు. ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు తగ్గినా, లేస్తే కళ్ళు తిరిగినా, జ్వరం 100.4 దాటినా ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా సరే. మాత్ర మింగిన కాసేపటికే కక్కేసినా, మానేసినా, మర్చిపోయినా ఉన్నదున్నట్టు చెప్పు. నాలా సిగ్గుపడి కూర్చోకు.

బయల్దేరే ముందు రాత్రి వీడియో కాల్ చెయ్యి. ఇంటికొచ్చాక ఐదు రోజులూ చెయ్యి. నాకు మీ మొహాలు చూపించక్కర్లేదు, మాత్రల డబ్బా మూత తీసి చూపించు. నేను లెక్కపెడతాను.

మీ అత్త